బాపు అతికిన వైరు

బాపు పోయాక నాకు ఏడుపు రాలేదు. ఆకలి మాత్రం వేళకు వేసేది. నిజామాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాను. అంత్యక్రియలు కాగానే మళ్ళీ అక్కడికే పోయి స్క్రూలు విప్పుతూ కూర్చున్నాను. "రాయి లెక్క ఉంది పోరి" అని చుట్టాలు అనుకున్నారట. అనుకోనీ, నాకేం.

జ్ఞాపకార్థ కూడిక రోజు ఎడపల్లి దగ్గరి మా ఊరికి వచ్చాను. మా ఇంట్లో అమ్మ అవ్వ, నాన్న బాపు. అవ్వ నన్ను అడిగింది ఒక్కటే.

"కండ్లు మూస్తే దవాఖానల మొఖమే కనవడ్తుంది బిడ్డా. అన్నీ బొక్కలే, పిసరంత కండ లేదు. మంచిగున్నప్పటిది ఒక్కసారి సూపియ్యి."

అలాంటిది ఒకే ఒక్క వీడియో ఉంది, క్రిస్మస్ ఆరాధనలో బాపు డోలక్ కొడుతూ పాడినది. అది చర్చిలోని పాత కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. చెరకు పని లేని రోజుల్లో పాటలు టైపు చేసి, ఆదివారం వాటిని తెర మీద వేసేది కూడా బాపే.

అందరూ చర్చికి వచ్చి కూర్చున్నాక కంప్యూటర్ మీట నొక్కాను. కంపెనీ గుర్తు కనబడింది. అమ్మయ్య అనుకునేలోపే తెరంతా నీలంగా మారి, ఈ సిగ్నల్ నా వల్ల కాదని ప్రొజెక్టర్ ఇంగ్లీషులో చెప్పింది. ముందు వరుసలో అవ్వ కొంగు సర్దుకుని చూస్తోంది.

సంఘ పెద్ద నాకు చిన్నాన్న వరుస. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"ఖరాబైనట్టుంది బిడ్డా. ఫోటో వెట్టి ప్రార్థన కానిద్దాం."

"జర ఆగు కాకా. మిషన్ మంచిగనే ఉంది."

కంప్యూటర్ లేచేటప్పుడు మొదట ఏ తెరకైనా చెల్లే చిన్న సైజులో బొమ్మ వేస్తుంది. తర్వాత, ఎదుట ఉన్న తెర ఎంత పెద్ద బొమ్మ చూపగలదో వైరు గుండా దాన్నే అడుగుతుంది. జవాబొస్తే దానికి తగ్గ సైజు పెడుతుంది. రాకపోతే కిందటిసారి పెట్టినదాన్నే పట్టుకుంటుంది. మొన్న పాస్టరుగారింట్లో ఎవరో దీన్ని పెద్ద మానిటర్‌కు తగిలించి సైజు పెంచారట. ఆ సైజు ప్రొజెక్టర్‌కు మింగుడుపడదు, సరే. మరి ఇది అడిగితే అదెందుకు చెప్పలేదు?

వైరు పట్టుకుని వెనక్కి నడిచాను. మధ్యలో నల్ల టేపు చుట్టిన లావుపాటి అతుకు తగిలింది. పొడవు చాలక బాపు రెండు కేబుళ్ళు కోసి, బోరు మోటారు వైరు అతికినట్టు అతికాడు. రంగులు మోసే వైర్లు కలిపాడు. బొమ్మ వచ్చేసరికి ఇక చాల్లే అనుకుని సన్నటివి వదిలేశాడు. అడగడం, చెప్పడం జరిగేది ఆ సన్నటి వాటిలోనే. తను ఉన్నన్నాళ్ళూ సైజు చేత్తో పెట్టుకునేవాడు గనక ఎవరికీ తెలియలేదు. ఏం పని బాపూ ఇది అనుకున్నాను. ఆ కోపం కూడా సగంలోనే ఆగిపోయింది.

మళ్ళీ ఆన్ చేసి, లేస్తుండగానే కీబోర్డులో ఒక మీట నొక్కిపట్టి, అన్నిటికన్నా చిన్న సైజులో తెరవమన్నాను. తెరుచుకుంది. వీడియో పెట్టాను. ఆ చిన్న బొమ్మను ప్రొజెక్టర్ తెర వెడల్పంతా సాగదీసింది. బాపుకు బుగ్గలొచ్చాయి, భుజాలు పెరిగాయి. చుట్టూ వెక్కిళ్ళు మొదలయ్యాయి. నేను సైజుల పట్టీ తెరిచి సరైనది వెతుకుతున్నాను. తెర మీదున్న మనిషి నాకు ఎవరో పరాయివాడిలా ఉన్నాడు.

"ఏం జేస్తున్నవే?" అంది అవ్వ.

"బొమ్మ సాగిందవ్వా, సరిజేస్తున్న. బాపు గింత దొడ్డు ఎన్నడుండె?"

"నాకు తెల్వదా? గట్లనే ఉండనియ్యి. కడుపు నిండ తిన్నోని లెక్క ఉన్నడు మీ బాపు."

నాకు మా సన్నటి బాపే కావాలి. ఆ మాట మింగేసి మౌస్ వదిలేశాను. అవ్వ పక్కన కూర్చుని, ఆ దొడ్డు మనిషి పాట చివరిదాకా విన్నాను.