మందంటే ఆ మందు కాదు: మెరిట్‌లో ఒక తూటాల శనివారం

"శనివారం మందు పనుంది బాబూ, గుండ్లు కూడా ఎంచాలి, వచ్చెయ్" అని నారాయణ అంకుల్ ఫోన్ చేయగానే ఎగిరి గంతేశాను. కెనడాలోని సర్రేలో, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌లో పరిచయమైన ఫిజీ తెలుగాయన, ఉండేది మెరిట్‌లో. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న ఆయన తెలుగు నాకు సగమే అర్థమవుతుంది. మందు మాత్రం బాగా అర్థమైంది. గుండ్లంటే ఎవరిదో తలనీలాల మొక్కు కాబోలనుకుని, ఓ విస్కీ సీసా కొన్నాను.

ఉదయం ఆరింటికి సర్రేలో బయల్దేరి, హోప్‌లో కాఫీ తాగి, కోక్విహాలా హైవే మీదుగా మెరిట్ చేరేసరికి తొమ్మిది దాటింది. రానూపోనూ పెట్రోల్‌కి డెబ్బై డాలర్లయింది. అక్టోబర్ కదా, కొండల నిండా పసుపు పూసినట్టు ఆస్పెన్ చెట్లు. దారంతా పాడుకుంటూనే వెళ్ళాను.

తలుపు తీసిన రాజమ్మ ఆంటీ, అంకుల్ భార్య, సీసా చూసి ఆగిపోయింది.

"ఏంటి బాబూ ఇది?"

"అంకుల్ మందన్నారు కదండీ."

"తుపాకీ మందయ్యా!" పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ మందూ ఈ మందూ ఒక గదిలో ఉండకూడదు" అని సీసాని వంటింటి అలమారలో పెట్టేసింది.

గ్యారేజీలో బల్ల మీద ఖాళీ ఇత్తడి గొట్టాలు, చిన్న తక్కెడ, చేత్తో నొక్కే ప్రెస్ ఉన్నాయి. నేను ప్రతిదాన్నీ బుల్లెట్ అంటుంటే అంకుల్ దిద్దారు. "అంతా కలిస్తే తూటా. కొసనున్నదే గుండు. జంతువుకి తగిలేది అదే."

ఎన్నో ఏళ్ళు అప్లై చేస్తే, గుర్రమంత ఉండే మూస్ దుప్పిని వేటాడే పర్మిట్ ఈసారి లాటరీ డ్రాలో ఆంటీ పేరున వచ్చింది. వచ్చే వారమే వేట. తూటాలు చేసేది అంకుల్, కాల్చేది ఆంటీ. గుండు దగ్గరే పేచీ.

"ఇన్నేళ్ళూ జింకలకి ఈ తేలిక గుండే కదా" అన్నారు అంకుల్.

"మూస్, జింకా ఒకటేనా? ఈ గుండు పైపైనే చిట్లిపోతే పాపం, అది కుంటుకుంటూ పోయి ఎక్కడో చస్తది. బరువైన రాగి గుండు పెట్టు. కాగితం మీద మూడు దెబ్బలూ ఒక్కచోట పడకపోతే ఈ ఏడు వేటకి నేను రాను."

అంకుల్ మొహం వాడిపోయింది. అయినా రాగి గుండ్లే తీశారు. తూటాల తయారీ పుస్తకం చెప్పిన హద్దులు దాటకుండా, మందు కాస్త తేడాతో రెండు రకాలు కూర్చారు. ప్రతి కొలతనీ ఆంటీ మళ్ళీ తూచింది. కొలత తప్పకూడదని మా ఫోన్లు ఇంట్లోనే పెట్టించింది.

కర్రపెండలం కూరతో భోంచేసి, కారులో ఊరికి దూరంగా తుపాకీ గురి చూసుకునే షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాం. నాకు గెస్ట్ ఫీజు పదిహేను డాలర్లు. మొదటి రకం మూడు గుండ్లూ గురి కాగితం మీద తలో దిక్కున పడ్డాయి. అంకుల్ నేల చూపులు చూస్తున్నారు. రెండో రకం మూడూ కాల్చాక, అందరం కాగితం దగ్గరికి నడిచాం. ఆంటీ పర్సులోంచి లూనీ తీసి చిల్లుల మీద పెట్టింది. మూడూ ఆ డాలర్ బిళ్ళ కింద దాగిపోయాయి!

"వేటకి సామాను సర్దు మరి" అంది ఆంటీ. అంకుల్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వేట మంచిదో చెడ్డదో తేల్చేటంత అనుభవం నాకు లేదు. కానీ ఇన్నేళ్ళకి దక్కిన అవకాశాన్ని, ఎన్నడూ చూడని ఒక జంతువు బాధపడకూడదని వదులుకోడానికి సిద్ధపడిన మనిషిని చూశాను. తిరుగుదారిలో మనసు నిండిపోయింది. మీరూ వేటకి వెళ్ళేటట్టయితే ఒక్క మాట: గుండు ఎంత మంచిదైనా, ముందు మీ రైఫిల్లోనే కాల్చి చూసుకోండి. కాగితం వద్దంటే ఇంట్లోనే ఉండండి.