ముందు తాళం, తర్వాత కాళ్లు

ఇటుకల పెద్దమ్మ అంటే ఆ పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు. బట్టీలో ఇటుకలు మోసి మోసి నెత్తిమీద జుట్టు పలచబడింది గానీ నోరు మాత్రం పలచబడలేదు. చర్చి పక్కనున్న ఆసుపత్రి గది గోడల్లో ఆవిడ మోసిన ఇటుకలే ఉన్నాయి. ఆ మోతకి కూలి తీసుకోలేదు. "దేవుడి పని, మన ఆడపిల్లల పని" అంటూ ఆడవాళ్లందర్నీ పోగేసి మరీ మోయించింది.

గది లేచింది. సముద్రాల అవతలి నుంచి సేవా బృందం వచ్చి రిబ్బను కత్తిరించింది. వాళ్లు విమానం ఎక్కారో లేదో, నేల మాసిపోతుందని, సామాను పాడవుతుందని పాస్టరుగారు తలుపుకి తాళం వేశారు. అప్పట్నుంచీ అదే తంతు. ఏటా బృందం రాగానే తాళం తీస్తారు, ఉన్న రంగు మీదే కొత్త రంగు వేయిస్తారు, నాలుగు రోజులు మాత్రలు పంచుతారు, మళ్లీ తాళం. ఏడాది పొడుగునా గది నడుస్తోందనే పాపం ఆ వచ్చినవాళ్ల నమ్మకం. వారం వారం వచ్చే నర్సమ్మేమో ఎదురుగా సైకిల్ షాపు రేకు కింద, వేలాడే ట్యూబుల మధ్య స్టూలు వేసుకుని గర్భిణుల్ని చూస్తుంది. సేవ కోసం కట్టిన గది సేవ చేస్తే పాడైపోతుందట. ఈ లెక్క ఎవరు నేర్పారో గానీ, లోకంలో చాలాచోట్ల చెల్లుబాటవుతోంది.

నిరుడు వానల్లో పెద్దమ్మ కూతురికి నొప్పులొచ్చాయి. వీధిలో మోకాటి లోతు నీళ్లు, ఆటో కదల్లేదు. మంచంతో సహా ఆ గది మెట్లదాకా మోసుకొచ్చారు. తాళంచెవి జేబులో వేసుకుని పాస్టరుగారు ఏదో సభకి వెళ్లారు. మూసిన తలుపు ముందు, వరండాలో, జల్లు మీద పడుతుండగా కాన్పయింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఇప్పుడా పిల్లకి మళ్లీ నెలలు నిండాయి. పెద్దమ్మ తాళంచెవి కోసం పాస్టరుగారి గుమ్మం అరిగేలా తిరిగింది.

"పైవాళ్లతో మాట్లాడాలి పెద్దమ్మా," అనేవారాయన.

"ఏ పైవాళ్లండీ? మేడమీదవాళ్లా, మేఘాలమీదవాళ్లా?"

ఈసారి బృందం వచ్చిన పని కూడా అయిపోవచ్చింది. చివరిరోజు బృందంవాళ్లు పేటవాళ్ల పాదాలు కడిగే కార్యక్రమం. తాళం పడిన గది ముందే ప్లాస్టిక్ కుర్చీలు, బేసిన్లు, తువ్వాళ్లు, పెద్ద కెమెరా. పేట ఆడవాళ్లు పెద్దవాళ్ల చేతికి మురికి కాళ్లేం ఇస్తామని, పొద్దున్నే సబ్బు పెట్టి, మడమలు ఇటుకముక్కతో రుద్ది, తళతళలాడించుకుని వచ్చారు. చూసి పాస్టరమ్మగారు తల పట్టుకున్నారు.

"కడిగేసుకొచ్చారేంటమ్మా? కాసేపు ఆ మట్టిలో నడిచి రండి. ఫొటోలో తేడా తెలియాలి కదా."

పెద్దమ్మ ఆడపడుచు వదిన చెవిలో అంది: "అంట్లగిన్నెలకి కూడా ఈ బాధ లేదు వదినా. తోమినవాటికి మళ్లీ మసి పూయరు."

ఆడవాళ్లు గొణుక్కుంటూ మట్టి తొక్కి వచ్చారు. పెద్దమ్మ మాత్రం వెళ్లలేదు. బృందంలోని ఉంగరాల జుట్టు పిల్ల వచ్చి ఎదురుగా మోకాళ్లమీద కూర్చోగానే, రెండు కాళ్లూ పైకి లాక్కుని కుర్చీలోనే బాసింపట్టు వేసింది.

"కాళ్లు పెట్టండి పెద్దమ్మా, ఆ అమ్మాయి నొచ్చుకుంటుంది," అన్నారు పాస్టరుగారు.

"తలుపు తియ్యండి, పెడతాను."

"ఇప్పుడా ఆ గొడవ?"

"రేపు వీళ్లు వెళ్లిపోతారు. ఇంకెప్పుడు?"

ఏమిటన్నట్టు ఆ పిల్ల చూసింది. పాస్టరుగారు నవ్వుతూ వాళ్ల భాషలో ఏదో చెప్పారు. పిల్ల కళ్లు చెమ్మగిల్లాయి.

"ఏం చెప్పారు?" అంది పెద్దమ్మ.

"సంతోషంతో మీకు నోట మాట రావడం లేదని."

"మా వదినకా?" అంది ఆడపడుచు. కుర్చీల వరసంతా పకపక నవ్వింది.

ఆయన గొంతు తగ్గించారు. "మీ అమ్మాయికని పిల్లబట్టల మూట తెచ్చారు. చేజేతులా పోగొట్టుకోకండి."

"నిరుడూ వచ్చింది మూట. తొడగడానికే ఎవరూ లేకపోయారు. ఈసారిదీ మీరే ఉంచుకోండి."

"ప్రభువే శిష్యుల కాళ్లు కడిగాడు. వద్దనడం గర్వం పెద్దమ్మా."

"ఆయన గదిలోపల కూర్చోబెట్టి కడిగాడయ్యా, తాళం వేసిన గుమ్మం ముందు కాదు."

పెద్దమ్మ కుర్చీ దిగింది. ఆ పిల్ల తడిచెయ్యి పట్టుకుని మెట్లెక్కి, ఆ చేతిని తాళంమీద పెట్టింది. తర్వాత వాన పడుతున్నట్టు వేళ్లు ఆడించింది. తన పొట్ట చూపించింది, వరండా గచ్చు చూపించింది. బిడ్డని ఎత్తుకున్నట్టు చేతులు మడిచి, మెల్లగా విప్పేసింది. ఆఖరికి వీధి అవతల, ట్యూబుల కింద నర్సమ్మ ముందు వరసలో నిలబడ్డ కూతురి వైపు వేలు చాపింది.

ఆ పిల్ల తాళంమీంచి చెయ్యి తియ్యలేదు. తమ నాయకుణ్ణి, తెల్లగడ్డం పెద్దాయన్ని, కేకేసి పిలిచింది. ఆయన పాస్టరుగారిని ఏదో అడిగాడు. ప్రశ్న పొట్టిగా ఉంది, జవాబు చాలా పొడుగ్గా సాగింది. భాష రాకపోయినా ఆ తేడా మాత్రం అందరికీ అర్థమైంది. ఇటు ఆడపడుచు బేసిన్‌లోంచి కాళ్లు తీసేసి బాసింపట్టు వేసుకుంది. తర్వాత పక్కావిడ, ఆ పక్కావిడ. కెమెరా అతనికి తీయడానికి ఒక్క పాదం మిగల్లేదు.

పెద్దాయన అదే పొట్టి ప్రశ్న మళ్లీ అడిగాడు. పాస్టరుగారి జేబులోంచి తాళంచెవి బయటికొచ్చింది.

తలుపు తెరిస్తే లోపల మంచంమీద రంగు డబ్బాలు, పాత బ్యానర్లు, వేలెడు దుమ్ము. పెద్దాయన ఆ దుమ్ములో వేలితో గీత గీసి చూశాడు. తర్వాత బేసిన్ తెప్పించి, దాన్నీ పెద్దమ్మ కాళ్లనీ మార్చి మార్చి చూపించాడు.

"నా కాళ్లు పొద్దున్నే కడుక్కున్నాను బాబూ," అని పెద్దమ్మ బేసిన్ అందుకుని నీళ్లు గది గచ్చుమీద గుమ్మరించింది. "ముందు ఇది కడుగుదాం పట్టు."

ఉంగరాల జుట్టు పిల్ల తువ్వాలు తీసుకుని అక్కడే మోకాళ్లమీద కూర్చుంది.

పాస్టరుగారు తాళంకప్ప కోసం గొళ్లెం తడిమారు. కప్ప అప్పటికే పెద్దమ్మ బొడ్లో ఉంది.

"చెవి మీ దగ్గరే ఉంచుకోండి, పరవాలేదు," అందావిడ. ఆ తర్వాత వీధి దద్దరిల్లేలా పిలిచింది: "నర్సమ్మా, ఆ స్టూలెత్తుకుని ఇటొచ్చెయ్."