సూదులు పంచుకున్న ఇంటికి వచ్చిన డాక్టరమ్మ

నందికొట్కూరులో మా డాక్టరమ్మ పోయిందని మొన్న పొద్దున పాలు పోయడానికి వచ్చినామె చెప్పింది. గుండె ఆగిందట. జీవితమంతా ఊళ్లోవాళ్ల ఊపిరితిత్తులు విన్న మనిషికి తన గుండె వినడానికి తీరిక దొరకలేదు. మా స్నేహం మెత్తనిదేమీ కాదు. ఇద్దరివీ పదునైన నోళ్లే. ఎవరం ఎవరికీ లొంగలేదు కనుక చాలాకాలం సాగింది.

రోగితో పాటు ఇల్లు కూడా చూడనిదే ఆవిడ మందు రాసేది కాదు. మా తమ్ముడి పెద్దకొడుకు దగ్గి రక్తం కక్కినప్పుడు నేరుగా వాళ్లింటికే నడిచింది.

"యాడ పండుకుంటావప్పా?"

అన్నదమ్ములిద్దరూ విత్తనపు శనక్కాయల మూటలకు కాపలాగా, కిటికీ లేని గదిలో తలుపు బిగించుకుని పడుకుంటారని తేలింది. "కాయలకు దొంగల భయముండాది, మీకు క్షయ భయం లేదా?" అంటూ ఆ పూటే మంచాలు వసారాలోకి లాగించింది.

క్షయకు అప్పుడప్పుడే వస్తున్న స్ట్రెప్టోమైసిన్ సూదులు కర్నూలు నుంచి తెప్పించి, ఇంట్లోనే కాంపౌండరుతో వేయించారు. కొన్నాళ్లకే పెద్దవాడికి జ్వరం తగ్గింది, కొర్రన్నం అడిగి పెట్టించుకుని తిన్నాడు. అంతలో చిన్నవాడికి దగ్గు మొదలైంది. మావాళ్లకు ఏదైనా అన్నదమ్ములకు సమంగా పోవాలి. మిగిలిన సూదులు పెద్దవాడు తమ్ముడికి ఇచ్చేశాడు. వాడి మంచితనాన్ని ఊరంతా మెచ్చుకుంది, ఒక్క డాక్టరమ్మ తప్ప.

"నాకు శానా బాగుండాది డాక్టరమ్మా. వానికి పనికొస్తుందని ఇచ్చినా."

"చేను పంచుకోప్పా, ఎవరొద్దన్న్యారు? మందు సగంలో ఆపితే మెత్త పురుగు చచ్చి మొండిది మిగుల్తాది. ఇంగ ఆ మందు దాన్నేం చెయ్యలేదు."

ఆవిడ అన్నట్టే అయింది. జబ్బు ఇద్దరికీ తిరగబెట్టింది. ఈసారి అవే సూదులు వట్టి నీళ్లలా పోయాయి. పెద్దవాడు దక్కలేదు.

చిన్నవాణ్ణి మాత్రం ఆవిడ వదల్లేదు. వేరే మాత్రలు, కడుపులో తిప్పే పొడి, రోజూ ఆసుపత్రి అరుగు మీద ఆవిడ కళ్లెదుటే మింగాలి. ఒళ్లు కాస్త కుదురుకోగానే వాడూ అన్నబాటే పట్టబోయాడు.

"రేపట్నుంచి రాను డాక్టరమ్మా. ఎద్దుల్ని మేపాల."

"వాటినీ ఈడికే తోలుకొనిరా. నువ్వు మింగేది అవీ చూస్తాయి."

"ఏందమ్మా, దొంగను కాసినట్టు కాస్తాండావు?" అన్నాను నేను.

"దొంగైతే పోలీసోళ్లు పట్టుకుంటారక్కా. బాగయిందనుకునేటోణ్ని పట్టుకునేదే కష్టం."

ఒక పంట ఇంటికొచ్చి మరో పంట వేసేదాకా వాడు తిట్టుకుంటూనే వచ్చాడు, మింగాడు.

ఆవిడకు పిల్లల్లేరు. శవప్పెట్టె మోయడానికి చర్చివాళ్లతో పాటు మా చిన్నవాడూ భుజం పెట్టాడు. మా ఇళ్లలో ఆడవాళ్లు శవం వెంట నడవరు. నేను నడిచాను, ఈ వయసులో నన్ను ఆపేవాళ్లెవరు? సమాధులు ఊరి బయట మిట్ట మీద. ఎండ మండిపోతోంది. తక్కినవాళ్లు దారిలో వంతులు మారారు. వాడు మారలేదు. నేను వెనకనుంచి వాడి వీపునే చూస్తూ నడిచాను. మిట్ట ఎక్కేటప్పుడు అది ఊపిరికి నిండుగా ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది. వాడు దగ్గలేదు.