స్టాప్ బటన్ ఎక్కడికి పోయింది

రెండేళ్ల కిందటి వేసవి. పావగడ సోలార్ పార్కులో, బలసముద్రం వైపున్న ఒక ప్లాంటుకు మా చిన్న కంపెనీ ప్యానెళ్లు తుడిచే మిషన్లు ఇచ్చింది. వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్ పని నాది.

ఒకరోజు ప్లాంటు సూపర్‌వైజర్ నాగభూషణ ఫోన్ చేశాడు. రత్నమ్మ అనే ఆవిడ చొక్కా చెయ్యి కొత్త మిషన్ బ్రష్‌లో చిక్కుకుందట. ఎండకు అక్కడి ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని పనిచేస్తారు. చొక్కా చిరిగింది కాబట్టి చెయ్యి దక్కింది. మోచేతి దాకా చర్మం గీసుకుపోయింది.

నేను వెళ్లేసరికి ఆమె చేతికి కట్టుతో షెడ్డులో కూర్చుని ఉంది.

"భయంలో ఆయమ్మ స్టాప్ ఒత్తలేదు సార్. ఒత్తింటే నిలబడేది కదా! పాత మిషన్లన్నీ నిలబడతాండాయి. రేపట్నించి గడ్డి కోసేదానికి పంపిస్తా," అన్నాడు నాగభూషణ.

"ఒత్తినానన్నా. మళ్లా మళ్లా ఒత్తినా. అది నిలబడలేదు," అంది రత్నమ్మ, గొంతు పెంచకుండా.

బ్రష్ ఊడదీసి, మిషన్ నడిపించి, ఎర్ర బటన్ నేనే నొక్కాను. మిషన్ సాగిపోతూనే ఉంది.

నాగభూషణ మొహం చిన్నబోయింది. "తప్పయింది రత్నమ్మా," అన్నాడు.

ఆ మోడల్ మిషన్లన్నీ ఆపించాను. వైర్లు బాగానే ఉన్నాయి. లాప్‌టాప్ తెరిచాను. ఏ మోడల్ సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం ఉండాలో కాన్ఫిగరేషన్‌లో ఆప్షన్లుగా పెట్టుకుంటాం. ఒక ఆప్షన్ ఉండాలంటే మరొకటి ఉండాలన్న షరతును డిపెండెన్సీ అంటాం. ఎండకు తెరలు నల్లబడుతున్నాయని కొత్త మోడల్‌లో మావాళ్లు డిస్‌ప్లే ఆప్షన్ తీసేశారు. బటన్ నొక్కగానే తెర మీద 'ఆగింది' అని రావాలి కాబట్టి, ఎప్పుడో ఎవరో బటన్‌ను డిస్‌ప్లేకి ముడిపెట్టారు. డిస్‌ప్లేతో పాటు బటన్ కోడ్ కూడా పోయింది. షరతు ప్రకారమే పోయింది కనుక, సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే బిల్డ్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

షరతు కుదిరినా కుదరకున్నా బటన్ ఉండి తీరాలని 'సెలెక్ట్' అనే ఆదేశం రాశాను. బటన్ వచ్చింది కానీ, దాని కోడ్ తీసేసిన తెర కోసం వెతకడంతో బిల్డ్ ఆగిపోయింది. చివరికి మిషన్‌ను ఆపే కోడ్‌నూ, తెర మీద చూపే కోడ్‌నూ విడదీశాను.

దాన్ని మిషన్‌లోకి ఎక్కించి నడిపించాక, రత్నమ్మ కట్టులేని చేత్తో బటన్ నొక్కింది. మిషన్ ఆగింది. నడిపించి మళ్లీ నొక్కింది.

"మీ ఆఫీసులో ఇంగేదన్నా తీసేస్తే ఇది మళ్లా పోతాదా సార్?"

పోదమ్మా అనబోయి ఆగాను. పోకుండా కాపాడేది నేను ఏమీ రాయలేదు. మళ్లీ కూర్చుని, స్టాప్ ఆప్షన్ లేకపోతే బిల్డే పూర్తికాకుండా ఒక తనిఖీ పెట్టాను. ఆమె ముందే బటన్‌ను కావాలని తీసేసి బిల్డ్ చేశాను. లాప్‌టాప్ మీద ఎర్రక్షరాలు వచ్చాయి.

"ఏమంటాంది అది?"

"బటన్ లేకుండా మిషన్‌ను పంపనంటోందమ్మా."

"అట్లయితే చెయ్యి మానినాక నేను మిషన్‌కే వస్తా," అంది నాగభూషణ వైపు చూస్తూ. అతను తలూపాడు.

తర్వాతి మోడల్‌లో బటన్‌ను నేరుగా మోటారు కరెంటుకే కలిపాం. ఇప్పుడు ఏ ఆప్షన్ తీసేసినా, దాని వెంట ఇంకేం పోయిందో చూసుకున్నాకే మిషన్‌ను మనుషుల మధ్యకు పంపుతాను. ఎర్రర్ రాలేదన్న ధీమా నాకు ఆ షెడ్డులోనే పోయింది.