మానేయడానికి కారణం

1989 మార్చిలో కువైట్‌లోని దజీజ్‌లో ఒక క్లీనింగ్ కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. హాజరు పట్టీలు, ఇఖామా అనే నివాస అనుమతుల గడువులు, సర్వీసు ఫైళ్లు నా బాధ్యత. పనివాళ్లలో చాలామంది మా కడప జిల్లావాళ్లే కాబట్టి, అరబ్బీ కాగితాల్లో ఏముందో తెలుగులో చెప్పడం కూడా నా పనే అయింది.

కొన్ని దేశాల్లో పని పోయినవాళ్లకు ప్రభుత్వం కొంతకాలం భృతి ఇస్తుందనీ, దానికి యజమానులే పన్ను కడతారనీ మా అకౌంటెంటు చెప్పేవారు. ఎక్కువమందిని తీసేస్తే ఆ పన్ను రేటు పెరుగుతుందట. అందుకని కొందరు యజమానులు పనివాళ్లను వేరే కంపెనీ పేరు మీదికి మార్చి, పాత లెక్క చెరిపేసుకుంటారట. కువైట్‌లో మా వాళ్లకు ఆ భృతి లేదు. దాని బదులు సర్వీసు ముగింపు పరిహారం ఉండేది. యజమాని తీసేస్తే పూర్తిగా రావాలి. అయిదేళ్లు దాటినవాడు తానే మానేస్తే సగమే. అందుచేత సర్వీసు ఫైల్లో ‘మానేయడానికి కారణం’ అనే గడి చాలా ముఖ్యమైనది.

1990 జూలై నెలాఖరులో మేనేజరు అయిదేళ్లు దాటినవాళ్ల జాబితా అడిగాడు. ముప్పైమంది తేలారు. వాళ్లంతా సొంత ఇష్టంతో మానేస్తున్నట్టు సంతకాలు చేయాలి, ఆగస్టు మధ్యలో కొత్త కాంట్రాక్టు మీద మళ్లీ చేరాలి. పాత సర్వీసు అక్కడితో తెగిపోతుంది. వాళ్లకేం చెప్పమంటారని అడిగాను. “రెన్యూవల్ అని చెప్పు. యల్లా, తొందరగా కానీ. గురువారానికి ఖలాస్ కావాలి,” అన్నాడు. నా పాపకు అప్పుడు అయిదో నెల. కాన్పు తర్వాత నన్ను తిరిగి తీసుకోవడమే దయ అని అతను తరచూ గుర్తు చేసేవాడు. ముప్పై కాగితాలూ సిద్ధం చేశాను.

ఆ ముప్పైమందిలో ఒకడైన సుబ్బరాయుడు మంగఫ్‌లోని పనివాళ్ల క్యాంపు నుంచి కంపెనీ బస్సులో వచ్చాడు. ఆరేళ్ల సర్వీసు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద.

“నా యేలిముద్ర పడదేమో మా. పినాయిల్ నీళ్లకు గీతలన్నీ కడుక్కపోయినాయి,” అని నవ్వాడు. వేలికి సిరా పూసుకుంటూ, “ఇంతకీ ఏం రాసినారు దీంట్లో?” అని అడిగాడు.

“రెన్యూవల్ అన్నా. ఏం లేదు.”

“నువ్వు జెప్పినావంటే సాలు,” అని వేలు నొక్కాడు. ఆ గడిలో ‘సొంత ఇష్టం’ అని నా చేత్తోనే రాసి, ఒక ప్రతి అతనికిచ్చాను.

ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చింది. ఆఫీసు మళ్లీ తెరవలేదు. ఎవరికీ కొత్త కాంట్రాక్టు రాలేదు. సెప్టెంబరులో నేను, మా ఆయన, పాప బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి అక్కణ్ణుంచి ఇంటికొచ్చాం. నేను మళ్లీ ఉద్యోగం చేయలేదు.

రెండేళ్ల తర్వాత, యుద్ధంలో నష్టపోయినవాళ్లకు పరిహారం ఇస్తారని ఫారాలు తీసుకుంటున్న రోజుల్లో, సుబ్బరాయుడు ప్రొద్దుటూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పని పోయిందని రాయించబోతే, అప్పుడు నేనిచ్చిన ప్రతి చూసి ఫారాలు తీసుకునేవాళ్లు వెనక్కి పంపారట.

“యుద్ధానికి ముందే నువ్వే మానుకున్యావు గదా, ఇంగేం పోయింది అంటాండారు మా. నేనెప్పుడు మానుకున్యా? నువ్వొక కాగితం రాసిస్తే ఇంటారంట.”

ఏం రాయాలో నాకు తెలుసు. రాజీనామా కాగితం మీదే తప్ప నిజం కాదనీ, ఆ సంగతి చెప్పకుండా నేనే వేలిముద్ర వేయించాననీ రాయాలి. కలం కోసం లోపలికి వెళ్లాను. మా ఆయన అడ్డం నిలిచారు.

“బుద్ధుండాదా నీకు? దొంగకాగితం నేనే చేయించినా అని రాసిస్తావా? మన ఫారం గూడా ఆడనే ఉండాది.”

సుబ్బరాయుడు 1984 నుంచి 1990 జూలై వరకు మా కంపెనీలో నమ్మకంగా పనిచేశాడని రాసి సంతకం పెట్టాను. అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు. అతను కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

“అంతా రాసినావు గదా మా?”

“రాసినానన్నా,” అన్నాను.

అతని పని పోయిన పద్దు ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. మా ఫారం చెల్లింది.

పనివాడి చేత సంతకం చేయించే గుమాస్తా ఆ కాగితంలో ఏముందో అతని భాషలో ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పలేకపోతే చేయించకూడదు. మేనేజరు చెప్పాడు కాబట్టి చేశానని చాలాకాలం అనుకున్నాను. ప్రొద్దుటూరులో మా ఇంట్లో మేనేజరు లేడు.