మీటరు షిల్లింగు

ఇంగ్లండులోని బోల్టన్‌లో క్లిఫర్డ్ ఆగ్డెన్ చొక్కా జేబులో ఎప్పుడో చెల్లకుండా పోయిన షిల్లింగు నాణెం ఒకటి ఉంటుంది. అతను రుద్దిరుద్ది దానిమీద రాణిగారి ముక్కు అరిగిపోయింది. రొట్టె కొన్నా, బస్సెక్కినా దాన్ని తీసి చూపించి, పన్నెండు పెన్నీల షిల్లింగు పోయాకే దేశం చెడిందని నిట్టూరుస్తాడు. మొన్న మంచు పడుతుంటే భార్య మావిస్ హీటరు వేయబోయింది. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ రోజుల్లో ఇంట్లో గ్యాసు మీటర్లో ఇదొక్కటి వేస్తే గ్యాసొచ్చి సాయంత్రమంతా ఇల్లు వెచ్చగా ఉండేది."

"వేస్తే కదా. మీటరు కోసమని నేను డబ్బాలో దాచింది నువ్వు పబ్బుకు పట్టుకుపోయేవాడివి. నేను కోటు కప్పుకుని వణుకుతూ పడుకునేదాన్ని. చెయ్యి తియ్యి, మహానుభావా."

తీశాడు. హీటరు ఎర్రబడగానే కుర్చీ లాక్కుని, ఆవిడకు వేడి తగలకుండా దాని ముందు కూర్చుని, షిల్లింగు బయటికి తీశాడు.

"ఆ రోజుల్లో..."