అవ్వ పేరు

మా నాయినను పెంచింది వాళ్ల అవ్వ. తల్లి పురుట్లోనే పోయింది, తండ్రి ఆ వెనకే పోయాడు. మా వంశంలో మొదట ఉప్పల్‌కు వచ్చిన మనిషి ఆ అవ్వే. భువనగిరి అవతల పల్లెలో కరువొస్తే కొడుకును చంకనేసుకుని నడిచొచ్చిందట. ఇప్పుడు మెట్రో ఆగే దగ్గర అప్పట్లో ద్రాక్ష తోటలు ఉండేవి. వాటిలో కూలి చేసి మనవణ్ణి సాకింది. ఇంత తెలిసిన మా నాయినకు ఆమె పేరు మాత్రం తెలియదు.

మొదట్లో నేను నవ్వాను కూడా. ఉప్పల్‌లో అందరూ ఆమెను సొంతూరి పేరు పెట్టి 'ఫలానా ఊరామె' అనేవాళ్లు. ఇంట్లో అవ్వ. పేరేంటని అడగాలని పిల్లవాడికి ఎందుకు తడుతుంది? ఏటా పెత్రమాస నాడు పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు నాయిన తల్లి పేరు, తండ్రి పేరు గట్టిగా చెప్పేవాడు. అవ్వ దగ్గరికి వచ్చేసరికి గొణిగేవాడు. అయ్యగారు మంత్రం కానిచ్చేసేవారు.

ఈ ఏడు నాయినకు మతిమరుపు ముదిరింది. నాచారంలో నా ఇంట్లోనే ఉంటూ నన్నే ఎవరని అడుగుతాడు. అవ్వను మాత్రం వదలడు. "అందరికి ఇచ్చిన బిడ్డా, అవ్వకే ఇయ్యలే. ఆకలితోని తిరుగుతుంది. పేరు కనుక్కరా," అని పొద్దున లేస్తే ఇదే మాట. అవ్వ తినకుండా నేనెట్ల తింట అని పళ్లెం పక్కకు నెట్టేవాడు. పదిహేను రోజుల్లో చొక్కా వేలాడిపోయింది. నాకు భయం పట్టుకుంది.

తిరగడం మొదలుపెట్టాను. ఉప్పల్ పాత ఊళ్లో మంచం పట్టిన ఒక ముసలమ్మ గుర్తుపట్టింది. "గామెనా? మస్తు కష్టపడ్డది. పేరా... ఏమో బిడ్డ, మేం ఊరామె అనే పిలిస్తిమి." భూముల ఆఫీసులో గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "భూమి ఉన్నోళ్ల పేర్లే ఉంటయమ్మా గిండ్ల." నాకు ఒళ్లు మండింది, కానీ ఆయన అన్నది నిజమే.

చివరికి బస్సెక్కి ఆ పల్లెకే పోయాను. ఒక పెద్దాయన కాసేపు ఆలోచించి, "కరువుల పోయినామె ఉండె. మా నాయిన చెప్తుండె," అన్నాడు. ఆమెను ఏమని పిలిచేవాళ్లని అడిగాను. "ఉప్పలామె అనేటోళ్లు," అన్నాడు. అసలు పేరు అడిగితే తెలియదని చెయ్యి తిప్పాడు. బస్టాపులో కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను. నాచారంలో ఉంటానని నన్నూ మా అత్తగారి ఊళ్లో నాచారమామె అంటారు. పాతికేళ్లలో ఒక్కసారైనా నా పేరు ఇదీ అని చెప్పలేదు. ఇక ఎవరి మీద కోపం తెచ్చుకోను?

పెత్రమాస వచ్చింది. వీధిలో బతుకమ్మకు తంగేడు పూలు అమ్ముతున్నారు. విస్తరిలో బియ్యం, పప్పు, చింతపండు, బీరకాయలు సర్దాను. అప్పటికి రెండు రోజులుగా నాయిన మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అయ్యగారు ఆయన చేతిలో నీళ్లు పోసి అవ్వ పేరు అడిగారు. నాయిన నా మొహం చూశాడు.

నోటికొచ్చిన పేరొకటి చెప్పేశాను. "దొరికింది నాయినా. ఊర్లె చెప్పిన్రు."

నాయిన ఆ పేరును రెండుసార్లు మెల్లగా పలికి బియ్యం ఇచ్చాడు. మధ్యాహ్నం పచ్చిపులుసుతో అన్నం కలిపి పెడితే పళ్లెం ఖాళీ చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధమైతే అయిందిలే, మనిషి దక్కాడు అనుకున్నాను. మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవలో పాపం, ఆమెకు ఎవ్వలు లేనట్టున్నరు. ఇచ్చినం, మంచిదే," అన్నాడు. "మా అవ్వకు ఎప్పుడిద్దాం బిడ్డా?"